కరెంటు ఒక్క క్షణం తగ్గితే మిషన్లు ఆగకుండా, కాలకుండా ఏం చేయాలి: పర్లాకిమిడి వైపు ఇళ్ళకు, షాపులకు, మిల్లులకు ఒక మార్గదర్శి

పోయిన వేసవిలో ఒక సాయంత్రం కాశీనగరం దారిలో ఉన్న మా బావ పిండి మిల్లులో కూర్చుని ఉన్నాను. కొండ వైపు ఎక్కడో ఉరిమింది. మిల్లులో లైటు ఒక్కసారి మసకబారి, కన్ను మూసి తెరిచేంతలో మళ్ళీ మామూలుగా వెలిగింది. కరెంటు పోలేదు. కానీ గోడ మీది స్టార్టర్ పెట్టెలో ‘టక్’మని చప్పుడైంది, పది హెచ్‌పీ మోటారు మూలుగుతూ ఆగిపోయింది. మర మధ్యలో సగం నలిగిన మిరపకాయలు ఇరుక్కున్నాయి. వాటిని బయటికి తీసి మళ్ళీ మర తిప్పేసరికి అరగంట పట్టింది. బావ అడిగిన ప్రశ్న ఒక్కటే: “కరెంటు పోలేదు కదరా, మరి మిషన్ ఎందుకాగింది?”

నేను ఒడిశాలోని పర్లాకిమిడిలో మోటార్ల వైండింగ్ షాపు నడుపుతున్నాను. గుణుపూర్ నుంచి, గరబంధ నుంచి, ఏరు దాటి పాతపట్నం నుంచి కూడా మోటార్లు వస్తాయి. ఈ ప్రశ్న వారానికి ఒకసారైనా వింటాను. ఎక్కువమంది దానికి జవాబు దొరక్క ముందే వేలకు వేలు పోసి స్టెబిలైజర్ కొనేసి వస్తారు. ఆ తర్వాత కూడా మిషన్ ఆగుతూనే ఉంటుంది. అందుకే ఏది ముందు చేయాలో, ఏది తర్వాత చేయాలో వరసగా రాస్తున్నాను.

ముందు సంగతి అర్థం చేసుకోవాలి

మన ఇంటికి రావాల్సింది 230 వోల్టులు. అది పదో వంతు కంటే ఎక్కువ తగ్గి, అంటే 207 కంటే కిందికి పడి, సెకనులో నూరో వంతు మొదలు ఒక నిమిషం లోపు మళ్ళీ లేస్తే దాన్ని వోల్టేజి డిప్ అంటారు. సాగ్ అని కూడా అంటారు. రాత్రి ఏడింటి నుంచి పదింటి దాకా ఫ్యాను నెమ్మదిగా తిరిగితే అది డిప్ కాదు, లో వోల్టేజి. దానికి మందు వేరు. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లే సగం డబ్బు వృథా అవుతుంది.

డిప్ ఎందుకొస్తుంది? ఒక సబ్‌స్టేషన్ నుంచి నాలుగు ఫీడర్లు, అంటే ఊళ్ళకు కరెంటు మోసే పెద్ద లైన్లు, బయల్దేరాయనుకోండి. మూడో ఫీడర్ మీద కొండ దగ్గర చెట్టు కొమ్మ తీగకు తగిలింది. ఆ చోటికి కరెంటు వరదలా పరుగెత్తుతుంది. ఒకే ట్యాంకు నుంచి నాలుగు గొట్టాలు వెళ్తూ ఉంటే ఒకటి పగిలినప్పుడు మిగతా మూడింట్లో ధార సన్నబడినట్టే, మిగతా మూడు ఫీడర్లలో వోల్టేజి పడిపోతుంది. సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ ఆ మూడో ఫీడర్‌ని కత్తిరించగానే మనకు మళ్ళీ లేస్తుంది. కొమ్మ తగిలిన ఊరికి కరెంటు పోయింది, మనకు మాత్రం ఒక్కసారి మినుక్కుమంది. గజపతి, రాయగడ జిల్లాల్లో లైన్లు కొండలూ అడవులూ దాటి చాలా దూరం వస్తాయి. ఏప్రిల్, మే నెలల ఈదురుగాలుల్లో, అక్టోబరు తుఫానుల్లో ఇవి ఎక్కువగా రావడానికి కారణం అదే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన రోజు ఈ వైపు ఉన్నవాళ్ళెవరికీ గాలికీ కరెంటుకీ ఉన్న సంబంధం వేరే చెప్పక్కర్లేదు.

రెండో కారణం మన దగ్గరే ఉంటుంది. మోటారు స్టార్టయ్యే క్షణంలో మామూలుగా తీసుకునే దానికి అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. పక్కింటి బోరు మోటారు, మన సొంత మర, వెల్డింగ్ షాపు, ఏదైనా కావచ్చు.

మొదటి పని: పది రోజులు రాసుకోండి

ఏదీ కొనకముందు ఒక నోటుబుక్కు పెట్టండి. ఎల్‌ఈడీ బల్బులు డిప్‌ని దాచేస్తాయి, లోపలి సర్క్యూటు చిన్న తగ్గుదలను కనపడనివ్వదు. అందుకని ఒక పాత 60 వాట్ల ఫిలమెంటు బల్బు తెచ్చి హాల్లోనో షాపులోనో వెలిగించి ఉంచండి. వోల్టేజి పది శాతం తగ్గితే దాని వెలుగు దాదాపు ముప్పై శాతం తగ్గుతుంది, కంటికి వెంటనే తెలుస్తుంది. చేతి మల్టీమీటరు మీద దీనికి ఆధారపడకండి. మామూలు మీటరు అంకె మార్చేలోపే డిప్ అయిపోతుంది.

బల్బు మినుక్కుమన్న ప్రతిసారీ టైము రాయండి. ఏ మిషన్ ఆగింది, ఏది ఆగలేదు, అప్పుడు మన మోటారు ఏదైనా స్టార్టయిందా, వాన గాలి ఉందా, ఎదురింట్లో కూడా మినుక్కుమందా అన్నవి రాస్తే చాలు. ఎదురింట్లో కూడా అయితే కారణం బయట ఉంది. మన ఒక్కరికే అయితే మన సర్వీసు వైరు, మన మెయిను, మన మోటారు చూసుకోవాలి.

ఒక్క హెచ్చరిక. కొన్ని గదుల్లో లైట్లు మసకబారి, అదే సమయంలో ఇంకొన్ని గదుల్లో మామూలు కంటే ఎక్కువ కాంతిగా వెలిగితే అది డిప్ కాదు. న్యూట్రల్ వదులైందని అర్థం. వెంటనే మెయిను ఆపేసి లైన్‌మన్‌ని పిలవండి. ఆలస్యం చేస్తే టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోతాయి.

రెండో పని: మన ఇంట్లో పుట్టేదాన్ని మన ఇంట్లోనే తగ్గించుకోవాలి

ఇది అన్నిటికంటే చవకైన పని. కానీ ఎవరూ చేయరు, ఎందుకంటే ఇందులో కొత్త పెట్టె ఏదీ రాదు.

లెక్క ఒకటి చూపిస్తాను. ఒక హెచ్‌పీ సింగిల్ ఫేజ్ నీళ్ళ మోటారు స్టార్టయ్యేటప్పుడు సుమారు 35 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. మెయిను బోర్డు నుంచి మోటారు దాకా 40 మీటర్లు, 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు. పోవడం, రావడం కలిపి 80 మీటర్లు. ఆ వైరు కిలోమీటరుకు 7.4 ఓములు, కాబట్టి 80 మీటర్లకు దాదాపు 0.59 ఓము. 35ని 0.59తో గుణిస్తే 20 వోల్టులు పైన. అంటే వీధిలో 230 ఉన్నా మోటారు దగ్గర 210 కూడా దక్కడం లేదు. అదే 6 స్క్వేర్ వైరు వేస్తే తగ్గేది తొమ్మిది వోల్టుల లోపే. వీధిలోనే 205 ఉన్న రోజున ఈ తేడాయే మోటారు తిరగడానికీ, ‘ఊ’మని మూలిగి వైండింగ్ కాల్చుకోవడానికీ మధ్య తేడా.

మోటారు తిప్పే బలం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. వోల్టేజి 80 శాతానికి పడితే బలం 64 శాతమే. 70కి పడితే సగం కంటే తక్కువ. నా షాపుకి వచ్చే కాలిన మోటార్లలో చాలా వాటికి సన్న వైరే మూలం.

కాబట్టి వైర్‌మన్‌ని పిలిచి, మెయిను ఆపించి, ఈ పనులు చేయించండి. సర్వీసు వైరు మీటరుకు కలిసే చోట, మెయిన్ స్విచ్ దగ్గర, న్యూట్రల్ లింకు దగ్గర స్క్రూలన్నీ బిగించాలి. నల్లబడ్డ, రంగు మారిన జాయింటు కనిపిస్తే కత్తిరించి కొత్తగా కలపాలి. అల్యూమినియం, రాగి వైర్లను నేరుగా మెలిపెట్టి టేపు చుట్టి ఉంటే అది తప్పకుండా వదులవుతుంది, దానికి సరైన కనెక్టరు వేయాలి. మోటారుకి బోర్డు నుంచి విడి వైరు లాగాలి, కంప్యూటరు, ఫ్రిజ్ ఉన్న వైరు మీదే దాన్ని వేయకూడదు. మిల్లుల్లో పెద్ద మోటార్లు రెండు ఒకేసారి స్టార్ట్ చేయకూడదు. మోటారుకి ఒకేసారి పూర్తి వోల్టేజి ఇచ్చే డైరెక్టు స్టార్టర్ ఉన్నచోట, ముందు తక్కువ ఇచ్చి తర్వాత పూర్తిగా ఇచ్చే స్టార్-డెల్టా స్టార్టర్ పెడితే లైను నుంచి లాగే స్టార్టింగు కరెంటు మూడో వంతుకు తగ్గుతుంది. ఒక్క మాట, అప్పుడు స్టార్టింగు బలం కూడా మూడో వంతే, కనుక మరలో గింజ పోసి ఉంచి స్టార్ట్ చేయకూడదు.

మూడో పని: ప్రతి వస్తువునీ ఒక ప్రశ్న అడగండి

“నువ్వు ఆగినా ఫర్వాలేదా, లేక ఆగకూడదా?”

దీని మీదే మిగతాదంతా నిలబడుతుంది. ఫ్రిజ్ మూడు నిమిషాలు ఆగితే ఏమీ కాదు, కానీ ఆగిన వెంటనే మళ్ళీ స్టార్టయితే కంప్రెసరు చెడుతుంది. కంప్యూటరు అలా కాదు, క్షణం ఆగినా చేస్తున్న పని పోతుంది. మొదటి రకానికి కావాల్సింది ఆపి ఉంచే పెట్టె, రెండో రకానికి కావాల్సింది ఆపకుండా మోసే పెట్టె. ఒకదానికి కావాల్సింది ఇంకోదానికి పెడితే డబ్బూ పోతుంది, వస్తువూ పోతుంది.

ఫ్రిజ్, ఏసీ, డీప్ ఫ్రీజర్

కంప్రెసరు తిరుగుతున్నప్పుడు ఒక పక్క గ్యాసు ఒత్తిడి ఎక్కువగా, ఇంకో పక్క తక్కువగా ఉంటుంది. డిప్‌లో అది ఆగిందంటే ఆ ఒత్తిడి సమం కావడానికి మూడు నిమిషాలు పడుతుంది. అంతలోపే కరెంటు తోస్తే కంప్రెసరు తిరగలేక బిగుసుకుపోయి వేడెక్కుతుంది. వెనక ‘టిక్’మని చప్పుడు, కాసేపాగి మళ్ళీ ‘టిక్’మని చప్పుడు. అది కంప్రెసరుని కాపాడే ఓవర్‌లోడు స్విచ్ పదే పదే తెగడం.

మా చిన్నాన్న మందుల షాపులో ఇదే జరిగింది. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఒక ఆదివారం షాపు మూసి ఉండగా గాలివాన వచ్చింది, మర్నాడు తెరిచేసరికి ఫ్రిజ్ వెచ్చగా ఉంది, కంప్రెసరు కాలిపోయింది. ఆ మందంతా పారేయాల్సి వచ్చింది. ఆ సీసాల కోసం రావాల్సినవాళ్ళలో మా పిన్ని కూడా ఒకరు. అందుకే ఈ విషయంలో నేను గట్టిగా చెబుతాను: ఫ్రిజ్‌కి ఆలస్యం ఉన్న హై-లో కటాఫ్ పెట్టండి, అంటే వోల్టేజి హద్దు దాటితే ఆపేసి, కాసేపాగి మళ్ళీ కలిపే పెట్టె. తక్కువ వైపు 180 వోల్టులు, ఎక్కువ వైపు 260, తిరిగి కలిపే ఆలస్యం 180 సెకన్లు పెట్టుకుంటే చాలా ఇళ్ళకు సరిపోతుంది. మీ ఊళ్ళో రోజంతా వోల్టేజి తక్కువగానే ఉంటే అప్పుడు స్టెబిలైజర్ కావాలి, అందులో కూడా ఆలస్యం స్విచ్ ఉన్నదే తీసుకోండి. కొత్త స్ప్లిట్ ఏసీల్లో ఈ ఆలస్యం చాలావరకు లోపలే ఉంటుంది. మందుల ఫ్రిజ్‌లో ఒక చిన్న డిజిటల్ థర్మామీటరు, అది కూడా కనిష్ఠం, గరిష్ఠం గుర్తుంచుకునే రకం పెట్టండి. సోమవారం షాపు తీయగానే దాన్ని చూడకుండా మందు అమ్మొద్దు.

కంప్యూటరు, జిరాక్సు, వైఫై

కంప్యూటరు పవర్ సప్లైలో కొద్దిపాటి నిల్వ ఉంటుంది. తయారీదారులు పాటించే లెక్క ప్రకారం కరెంటు పూర్తిగా లేకపోయినా 20 మిల్లీసెకన్లు, 70 శాతం ఉంటే అర సెకను, 80 శాతం ఉంటే పది సెకన్లు తట్టుకోవాలి. అంతకు మించిన డిప్‌కి యూపీఎస్ తప్పదు.

మామూలు చిన్న యూపీఎస్ నాలుగు నుంచి పది మిల్లీసెకన్లలో బ్యాటరీకి మారుతుంది, కంప్యూటరుకు అది చాలు. 600 వీఏ అని రాసి ఉన్నది సాధారణంగా 360 వాట్లు మాత్రమే మోస్తుంది. వీఏ చూసి కొనకండి, వాట్లు చూసి కొనండి. జనసేవా కేంద్రాలు నడిపేవాళ్ళు తరచూ చేసే పొరపాటు ఒకటుంది, లేజర్ ప్రింటర్‌ని కూడా అదే యూపీఎస్‌కి తగిలిస్తారు. దాని లోపలి హీటరు వేడెక్కే క్షణంలో చిన్న యూపీఎస్ మోయలేనంత లాగుతుంది, దాంతో కంప్యూటరు కూడా ఆగిపోతుంది. ప్రింటర్ నేరుగా గోడకే ఉండాలి. వైఫై రౌటర్‌కి 12 వోల్టుల మినీ యూపీఎస్ దొరుకుతుంది, చిన్నది, చవక.

ఇంట్లో ఇన్వర్టరు ఉంటే దాని వెనక స్విచ్ ఎటు ఉందో చూడండి. యూపీఎస్ వైపు ఉంటే డిప్‌ని తొందరగా పట్టుకుంటుంది. నార్మల్ వైపు ఉంటే వోల్టేజి బాగా కిందికి పడేదాకా ఊరుకుంటుంది, మారేటప్పుడు కూడా నెమ్మది. దాని మీద కంప్యూటరు నడుస్తూ ఉంటే యూపీఎస్ వైపే ఉంచండి.

రక్తపరీక్షల ల్యాబ్ మిషన్‌లాంటి సున్నితమైన వాటికి ఆన్‌లైన్ యూపీఎస్ పెట్టాలి. అందులో మిషన్ ఎప్పుడూ లోపలి ఇన్వర్టరు నుంచే నడుస్తుంది, మారడం అనేదే ఉండదు. సీవీటీ (కాన్‌స్టంట్ వోల్టేజి ట్రాన్స్‌ఫార్మర్) అనేది కూడా ఒకటుంది. బ్యాటరీ లేకుండానే డిప్‌ని మింగేస్తుంది, ఏళ్ళ తరబడి పని చేస్తుంది. కానీ వేడెక్కుతుంది, రొద చేస్తుంది, కావాల్సినదానికి రెట్టింపు సైజు కొనాలి, మోటార్లకు పనికిరాదు.

నాలుగో పని: మిల్లు మోటారు, అసలు కథ

ఇప్పుడు బావ ప్రశ్నకు వస్తాను. ఆ సాయంత్రం స్టార్టర్ పెట్టె విప్పి చూపించాను. లోపల కాంటాక్టర్ ఉంటుంది, దాని నడుమ ఒక కాయిల్. కాయిల్‌కి కరెంటు ఉన్నంతసేపు అది ఇనుప ముక్కని లాగి పట్టుకుంటుంది, అప్పుడే మూడు ఫేజులూ మోటారుకు అందుతాయి. వోల్టేజి సుమారు సగానికో, అంతకు కాస్త పైనో పడితే కరెంటు అల ఒకటి రెండు చుట్లు తిరిగేలోపే, అంటే 20, 40 మిల్లీసెకన్లలోనే కాయిల్ పట్టు వదిలేస్తుంది. నిజానికి పది హెచ్‌పీ మోటారూ, దానికి తగిలించిన బరువైన రాయీ ఆ కాసేపు తమ ఊపుతోనే తిరిగేస్తాయి. ఆగాల్సిన అవసరం మోటారుకి లేదు. అరచేతిలో పట్టే కాయిల్ భయపడింది, అంతే.

పట్టీ పట్టనట్టు వోల్టేజి ఊగినప్పుడు కాంటాక్టర్ టకటకమని కొట్టుకుంటుంది. బావ దాంట్లో వెండి పూత కాంటాక్టులు నల్లగా, గుంటలు పడి, ఒకటి అంచు కరిగి ఉంది. అలాంటివి ఒక రోజు అతుక్కుపోతాయి, అప్పుడు ఆపు బటన్ నొక్కినా మోటారు ఆగదు.

స్టార్టర్‌లో ఇంకోటి కనపడింది, మడతపెట్టిన అగ్గిపెట్టె అట్ట. పోయిన ఏడాది పనివాడెవరో కాంటాక్టర్ వదలకుండా దాన్ని దోపి వాడాడట. దయచేసి ఈ పని ఎవరూ చేయొద్దు. కరెంటు పోయి ఎవరో బెల్టు సరిచేస్తూ ఉండగా కరెంటు వస్తే మర దానంతట అదే తిరుగుతుంది. చేతులు పోతాయి.

సరైన పద్ధతి ఏమిటంటే, మోటారు మొత్తాన్ని కాపాడక్కర్లేదు, కాయిల్‌ని కాపాడితే చాలు. చిన్న కాంటాక్టర్ కాయిల్ పట్టి ఉంచడానికి పది వీఏ చుట్టుపక్కల చాలు, లాగేటప్పుడు మాత్రం అంతకు పది రెట్ల దాకా కావాలి. దీనికి దారులు మూడు. డిప్ సమయంలో కాయిల్‌ని పట్టి ఉంచే కాయిల్ హోల్డ్ పరికరం వేయించడం. లేదా విస్తారమైన వోల్టేజి హద్దుల్లో పనిచేసే ఎలక్ట్రానిక్ కాయిల్ కాంటాక్టర్‌కి మారడం. లేదా కంట్రోల్ వైరింగ్‌ని మాత్రం చిన్న యూపీఎస్ మీద నడపడం. బావకు నేను మొదటిది పెట్టాను.

ఏది పెట్టినా మూడు షరతులు. పట్టి ఉంచే కాలం అర సెకను, మహా అయితే ఒక సెకను దాటకూడదు, కరెంటు నిజంగా పోతే మోటారు విడిపోవాలి. యూపీఎస్ దారి ఎంచుకుంటే దీనికోసం వోల్టేజి పడిపోతే కాయిల్‌ని విడదీసే అండర్ వోల్టేజి రిలే తప్పనిసరి. ఆపు బటన్, అత్యవసర బటన్ నొక్కగానే కాయిల్ వదలాలి. ఒక ఫేజు పోతే ఆపే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ తప్పక ఉండాలి, లేకపోతే రెండు ఫేజుల మీద తిరిగి వైండింగ్ మాడుతుంది. మన వైపు చాలా స్టార్టర్లలో కాయిల్ రెండు ఫేజుల మధ్య, 415 వోల్టులకు ఉంటుంది. కాయిల్ మీద రాసిన అంకె చదవకుండా ఏ పరికరమూ తేవొద్దు. ఇది లైసెన్సున్న వైర్‌మన్ చేయాల్సిన పని.

డ్రైవ్ మీద, అంటే మోటారు వేగం మార్చే ఎలక్ట్రానిక్ పెట్టె మీద, నడిచే మోటార్లయితే వేరే పరికరం కొనేముందు ఆ డ్రైవ్ పుస్తకం తెరవండి. పవర్ లాస్ రైడ్-త్రూ (డిప్‌ని దాటించేది), ఆటో రీస్టార్ట్ (ఆగాక దానంతట అదే మొదలెట్టేది), ఫ్లయింగ్ స్టార్ట్ (ఇంకా తిరుగుతున్న మోటారుని అందుకునేది) అనే సెట్టింగులు చాలా డ్రైవ్‌లలో ఉంటాయి, కొన్నింటిలో కొన్నప్పుడు ఆపేసే ఉంటాయి. మనుషులు దగ్గర నిలబడి పనిచేసే మిషన్లకు మాత్రం ఆటో రీస్టార్ట్ పెట్టొద్దు.

స్టెబిలైజర్ ఎందుకు పనిచేయదు?

సర్వో స్టెబిలైజర్‌లో ఒక చిన్న మోటారు తిరిగి వోల్టేజిని సరిచేస్తుంది. సెకనుకు కొన్ని పదుల వోల్టులే దాని వేగం. అర సెకను డిప్ వచ్చి పోయేసరికి అది ఇంకా కదలడం మొదలెడుతూ ఉంటుంది. పైగా అది పెంచిన వోల్టేజి మీదికి అసలు వోల్టేజి తిరిగి వస్తే ఒక్క క్షణం బయటికి ఎక్కువ వెళ్తుంది కూడా. రాత్రంతా ఉండే లో వోల్టేజికి అది మంచి వస్తువే, డిప్‌కి మాత్రం కాదు. సర్జ్ ప్రొటెక్టర్ అయితే పెరిగే వోల్టేజిని ఆపుతుంది, తగ్గేదానితో దానికి పని లేదు.

అయిదో పని: ఆఫీసుకి చెప్పడం

ఎదురింటికి, వెనకింటికి, వీధంతటికీ అవుతూ ఉంటే మీ నోటుబుక్కే సాక్ష్యం. 1912కి ఫోను చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. లైన్‌మన్‌తో మనం తెలుగులోనే మాట్లాడుకుంటాం గానీ, ఆఫీసులో ఇచ్చే కాగితం ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటే తొందరగా కదులుతుంది. “వోల్టేజి బాగోలేదు” అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ఫలానా తేదీల్లో, ఫలానా టైముల్లో, గాలి లేనప్పుడు కూడా ఇన్నిసార్లు తగ్గింది, ఫలానా స్తంభం దగ్గర కొమ్మలు తీగను తాకుతున్నాయి అని రాయండి. పదిమంది సంతకాలు పెట్టించండి. వేసవి గాలులు మొదలవకముందే, ఫిబ్రవరిలోనే కొమ్మలు కొట్టించమని అడగడం మేలు. స్తంభమెక్కి మీరు కొట్టొద్దు, పక్క కొమ్మ లాగినా ప్రమాదమే.

చివరిగా, పెట్టినవి పనిచేస్తున్నాయో లేదో

యూపీఎస్ పెట్టిన రోజే గోడ స్విచ్ ఆపి చూడండి, పని మీద ఉన్నప్పుడు కాదు, ఫైళ్ళన్నీ సేవ్ చేశాక. నెలకోసారి అలాగే చేయండి. మన ఎండల్లో చిన్న యూపీఎస్ బ్యాటరీ రెండు మూడేళ్ళకు మించి ఆశించొద్దు, వేడి పెరిగేకొద్దీ దాని ఆయుష్షు తగ్గుతుంది. రేకుల షెడ్డులో, కిటికీ ఎండలో పెట్టకండి. కొన్న తేదీ బ్యాటరీ మీదే మార్కరుతో రాయండి. కటాఫ్ పెట్టెని ఆపి వేసి, మూడు నిమిషాలు గడియారం చూసి లెక్కపెట్టండి.

బావ మిల్లులో కొత్త కాంటాక్టులు, కాయిల్ హోల్డ్, సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ వేశాక ఫిలమెంటు బల్బు కిందే నోటుబుక్కు వేలాడదీశాం. మే నెల పేజీలో బల్బు మినుక్కుమన్నవి పదకొండు గీతలున్నాయి. వాటిలో మర ఆగినవి రెండు, ఆ రెండుసార్లూ వీధి మొత్తం కరెంటు పోయింది.